పొగడబ్బాకు శ్మశానం హోదా

భీమరేవు పురపాలక సంఘం వారు ఊళ్ళో పొగ అనేది లేకుండా చెయ్యాలని తీర్మానించిన వారంలోనే ఊరు ఊరంతా రెండు రోజులపాటు పొగలో మునిగిపోయింది. ఇందులో విడ్డూరమేమీ లేదు. రాష్ట్రంలో కొత్తగా ‘పొగరహిత పట్టణం’ అని ఒక షీల్డు పెట్టారు. అది గెలవాలంటే ప్రజల్లో చైతన్యం రావాలి. చైతన్యం రావాలంటే సభ జరగాలి. సభ రక్తికట్టాలంటే ఏదో ఒకటి తగలబెట్టాలి. కాబట్టి ఇరవై అడుగుల ధూమాసురుడి బొమ్మ చేయించి, మధ్యలో ఆరిపోయి పరువు తియ్యకుండా దాని కడుపులో పాత లారీ టైర్లు కూరి, హైస్కూలు మైదానంలో అంటించారు. ధూమాసురుడు శుక్రవారం సాయంత్రం చావడం మొదలుపెట్టి ఆదివారం మధ్యాహ్నానికి చచ్చాడు. ఆ లోపల ఊళ్ళో మందుల షాపుల్లో దగ్గుమందు అయిపోయింది.

సోమవారంనాడు గాలిని కొలిచే యంత్రం చూసిన పైవాళ్ళు, ఇంత పొగకు బాధ్యులెవరో వెంటనే తేల్చమని ఉత్తర్వు పంపారు. తేల్చడానికి పేరి లక్ష్మీకాంతంగారిని ధూమాధికారిగా నియమించారు. ఆయన అంతకుముందు కుక్కల లైసెన్సుల విభాగంలో ఉండేవారు.

సరిగ్గా అదే వారంలో గేదెల పోలినాయుడు తన పెరట్లో కూర్చుని ఒక పొగడబ్బా తయారుచేశాడు.

పోలినాయుడు జూటుమిల్లులో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ ముప్ఫై ఏళ్ళలో మిల్లు లాగుబుక్కులో ఆయన రాసిన కొలత ఒక్కటి కూడా ఎవరూ కొట్టెయ్యలేదు. చూసింది రాస్తాడు, చూడనిది రాయడు. ఈ గుణం ఆయనకు మిల్లు లోపల మంచి పేరు తెచ్చింది. బయట ఏం తెచ్చిందనేది ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఆ డబ్బా మైలపల్లి ఎర్రమ్మకు ఇవ్వడానికి చేసిన బహుమతి. ఎర్రమ్మది ఏడో వార్డు, అంటే సముద్రపొడ్డున ఉన్న పేట. పడవలు రాగానే వేలంలో చేపలు పాడుకుని, పచ్చివి అమ్మినన్ని అమ్మి, మిగిలినవి పొగబెట్టి వారం సంతకు తీసుకెళ్తుంది. పొగబెట్టడమంటే ఇసుకలో గొయ్యి తీసి, కొబ్బరి డొక్కలు అంటించి, పైన ఇనుప తడిక వేసి, దాని మీద చేపలు పరిచి, మంట లేవకుండా, పొగ ఆగకుండా పక్కనే గొంతుక్కూర్చుని ఊదుతూ ఉండడం. నలభై ఏళ్ళు అలా ఊదింది. ఇప్పుడు ఎదురుగా వచ్చే మనిషిని నడకను బట్టి పోల్చుకుంటుంది తప్ప ముఖాన్ని బట్టి కాదు. ఆస్పత్రిలో కంటి డాక్టరు చూసి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయన్నాడు. వచ్చే నెలలో ఆపరేషనుకు తేదీ రాసిచ్చాడు. “ఆపరేషన్ ముందు పొగ దగ్గర కూర్చోకు. తర్వాత అసలే కూర్చోకు” అన్నాడు. కూర్చోకపోతే ఆమెకు బువ్వ లేదన్న సంగతి ఆయన చీటీలో రాయలేదు.

పోలినాయుడికి ఆమె చుట్టమేమీ కాదు. కాని ఆయన కూతురు రోహిణి పురిటికి వచ్చి, పాలు పడక, పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తున్న రోజుల్లో, ఎర్రమ్మ ఎవరూ అడక్కుండానే రోజూ పొద్దున్న పాలు పడడానికని గిన్నెడు పాలసొర చేపకూర తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేది. నలభై రోజులు అలా తెచ్చింది. “నీకు ఏటిచ్చుకోమంటావప్పా?” అని పోలినాయుడు అడిగితే, “బాలింత నోటికాడ బేరమేటి తమ్ముడూ” అని గిన్నె కడుక్కుని పోయింది.

ఆ మాట ఆయన మనసులో ఉండిపోయింది. కళ్ళ సంగతి తెలిశాక ఇక ఆగలేదు. పాత సామాన్ల కొట్టుకు వెళ్ళి వంటనూనె వచ్చిన ఇనుప డ్రమ్ము ఒకటి ఏరాడు. మందులూ రంగులూ పోసిన డ్రమ్ములు చవగ్గా ఉన్నా ముట్టుకోలేదు. పెరట్లో దాన్ని ఖాళీగా రెండుసార్లు ఎర్రగా కాల్చి, పైరంగంతా రాలగొట్టాడు. నడుమెత్తు కూడా లేని డ్రమ్ము. అడుగున జానెడు తలుపు కోసి, గాలి ఎంత కావాలంటే అంత వెళ్ళేలా దానికి జారుడు రేకు పెట్టాడు. లోపల బొగ్గులకు జల్లిబుట్ట, దాని పైన చేపనూనె నిప్పుల్లో కారకుండా చిల్లుల పళ్ళెం, ఆ పైన ఒకదానిమీద ఒకటి రెండు తీగబల్లలు. మూతకు సరుగుడు కర్ర పిడి. మూత పక్కనుంచి ఒక గొట్టం మనిషి తలకు మించిన ఎత్తుకు వెళ్ళి సముద్రం వైపు వంగుతుంది. ఎర్రమ్మ చెయ్యాల్సిందల్లా సరుగుడు బొగ్గులు రాజేసి, వాటి మీద తడిపిన కొబ్బరి డొక్క ఒకటి వేసి, మూతపెట్టి దూరంగా వెళ్ళి కూర్చోవడం.

దాన్ని రిక్షా మీద వేసుకుని ఒడ్డుకు తెచ్చి దించాడు. ఎర్రమ్మ చేత్తో తడిమి చూసింది.

“ఏట్రా ఇది, గొట్టమున్నాది, బాయిలరేటి?”

“పొగడబ్బా అప్పా. నీకే. సేపలు లోపలెట్టీ, మూతేసీ, అదిగో, ఆ పడవ నీడన కూకో. గంటన్నరకి వచ్చి తియ్యి.”

“ఊదక్కర్నేదా?”

“ఊదితే పాడైపోద్ది.”

రెండు బల్లల మీదా కానాగంత చేపలు పేర్చారు. ఎర్రమ్మ పడవ నీడన కూర్చుంది గాని నిలవలేక నాలుగుసార్లు లేచి వచ్చింది. గొట్టం చివర ఊదుబత్తి పొగంత పొగ సముద్రం మీదికి పోతోంది. గంటన్నరకు మూత తీస్తే చేపలు పసుపు తిరిగిన రాగి రంగులో నిగనిగలాడాయి. ఆమె ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, “నలభయ్యేళ్ళు మండి కారీవి. ఇయ్యాల ఊరికినే కారతన్నాయి, సూడు” అంది.

ధూమాధికారి మర్నాడు వచ్చారు.

ఆయన జీపు దిగేసరికి ఒడ్డు పొడవునా నలభై మంది ఆడవాళ్ళు నలభై గోతుల దగ్గర కూర్చుని ఊదుతున్నారు. పొగ మబ్బులా కమ్ముకుని ఉంది. లక్ష్మీకాంతంగారు ఆ మబ్బులోంచి దగ్గుతూ, చేతులతో దారి వెతుక్కుంటూ, తిన్నగా ఎర్రమ్మ డబ్బా దగ్గరికి వచ్చి ఆగారు.

“ఈ గొట్టము ఎవరిది?”

“నాదే బాబూ” అంది ఎర్రమ్మ. “ఈ తమ్ముడు సేసిచ్చినాడు.”

“పురపాలక పరిధిలో అనుమతి లేని ధూమోత్సర్గ సాధనాన్ని నెలకొల్పినందుకు సంజాయిషీ ఇవ్వవలసి ఉంటుంది.”

పోలినాయుడికి అర్థం కాలేదు. “ఇది పొగ తగ్గడానికి చేసిందండి. మరి అదంతా ఏటండి?” అని చుట్టూ ఉన్న మబ్బు చూపించాడు.

లక్ష్మీకాంతంగారు ఓపికగా నియమావళి తెరిచి చదివారు. “‘పొగ అనగా గొట్టము ద్వారా వెలువడునది.’ గొట్టం లేకుండా వచ్చేది నిర్వచనం ప్రకారం పొగ కాదు. దాన్ని మేము మంచు కింద లెక్కవేస్తాము.”

“అయితే గొట్టం పీకేస్తానండి.”

“పీకితే సాక్ష్యాన్ని తారుమారు చేసినట్టవుతుంది. మీరు కంగారు పడనక్కర్లేదు. ప్రభుత్వానికి మీ పట్ల కక్ష లేదు. నమోదు చేయించుకుంటే చాలు.” ఆయన సంచిలోంచి ఒక ఫారం తీశారు. “గొట్టం గలవి మూడు రకాలు. కర్మాగారము, హోటలు, శ్మశానము. ఇందులో మీది ఏది?”

“మూడూ కాదండి.”

“నాలుగో గడి లేదు. కర్మాగారమైతే పదిమంది కార్మికులుండాలి.”

“నానొక్కద్దాన్నే” అంది ఎర్రమ్మ.

“హోటలైతే బల్లలు, కుర్చీలు, చేతులు కడుక్కునే కుళాయి.”

“నేవు బాబూ.”

లక్ష్మీకాంతంగారు కలం ఫారం మీద ఆనించి కాసేపు ఆలోచించారు. “లోపల పెట్టేవి ప్రాణమున్నవా, లేనివా?”

“సచ్చిపోయిన సేపలు బాబూ.”

“అలా చెప్పరేం!” ఆయన ముఖం విప్పారింది. మూడో గడిలో టిక్కు పెట్టి, ముద్ర వేసి, డబ్బా మూత మీద ఒక రేకు బిళ్ళ అంటించారు. ‘భీమరేవు పురపాలక సంఘం. శ్మశానవాటిక నం. 4. వార్డు 7.’

పోలినాయుడి ముఖం మాడిపోయింది. ప్రేమగా చేసి ఇచ్చిన వస్తువు కళ్ళముందే వల్లకాడయింది. “ఇది అన్యాయమండి, ఆడమనిషికి బహుమానంగా...” అంటూ ఉంటే ఎర్రమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

“పోనీరా తమ్ముడూ. మసానమైతే మసానం. నా కళ్ళు మండకండా ఉంటే సాలు.”

శ్మశానానికి ఒక రిజిస్టరు ఉండాలి. మర్నాడే బంట్రోతు తెచ్చి ఇచ్చాడు. దహనమైన ప్రతి ఒక్కరి పేరూ అందులో ఎక్కించి నెలాఖరుకు ఆఫీసులో అప్పగించాలి. ఏ గడీ ఖాళీ వదలరాదు. ఎర్రమ్మకు చదువు రాదు, వచ్చినా కనిపించదు. డబ్బా చేసిచ్చినందుకు ఈ పని కూడా తనదేననుకుని పోలినాయుడు కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు. చూసింది రాస్తాడని ముందే చెప్పాను.

మృతుని పేరు: కానాగంత. తండ్రి పేరు దగ్గర కాసేపు ఆగి, అబద్ధం కానిది అదొక్కటే కనక ‘సముద్రుడు’ అని రాశాడు. నివాసం: సముద్రం, ఏడో వార్డు ఎదుట. వృత్తి: ఈత. మరణ కారణం: వల. ఆ కింద రెండో కానాగంత, మూడో కానాగంత. మధ్యలో ఒక కవళ్ళ చేపల జంట వచ్చినప్పుడు వైవాహిక స్థితి ఏమి రాయాలో తెలియక ఎర్రమ్మను అడిగాడు.

“రెండూ ఒక్క వలలో పడ్డాయి గదా, అయినట్టే రాయి” అంది.

రోజుకు అరవై, డెబ్భై చేపల చొప్పున ఒక్కటి వదలకుండా రాశాడు. ఈలోగా ఎర్రమ్మ కళ్ళ ఎర్రదనం తగ్గింది. రెప్పల వాపు తీసింది. డాక్టరు చూసి, “పొగ మానేశావా? మంచిపని చేశావు. తేదీకి వచ్చెయ్యి, గురువారం” అన్నాడు. పక్క గోతుల ఆడవాళ్ళు వచ్చి డబ్బా చుట్టూ తిరిగి చూసి, తమకూ అలాంటివి చేసిపెట్టమని పోలినాయుణ్ణి అడిగారు. బిళ్ళ మీద ఏం రాసుందో చదివించుకున్నాక మాత్రం ఇంటాయన్ని అడిగి చెబుతామని వెళ్ళిపోయారు.

నెలాఖరుకు రిజిస్టరులో పందొమ్మిది వందల నాలుగు మరణాలు తేలాయి. పోలినాయుడు రెండుసార్లు కూడి, సంతకం పెట్టి, ఆఫీసులో ఇచ్చి రసీదు పుచ్చుకున్నాడు. ఆఫీసులో దాన్ని చదివినవాళ్ళెవరూ లేరు. అంకే, మరణ కారణమూ మాత్రం కంప్యూటర్లో ఎక్కించారు.

కంప్యూటరు దాని పని అది చేసింది. ఏడో వార్డు జనాభా పద్నాలుగు వందల పన్నెండు. అందులో పందొమ్మిది వందల నాలుగు మంది పోయారు. కంప్యూటరుకు సున్నా కన్నా తక్కువ జనాభా లెక్క రాదు కనక ‘శూన్యము’ అని చూపించింది.

ముందు జిల్లా నుంచి ఆరోగ్యశాఖ బృందం దిగింది. నెలలో ఒక వార్డు వార్డంతా ‘వల’ అనే రోగంతో తుడిచిపెట్టుకుపోయిందని వాళ్ళకు కబురు. మూడు రోజులు ఒడ్డంతా బ్లీచింగు పొడి చల్లారు. ‘వల పట్ల జాగ్రత్త! వల సోకిన వెంటనే దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి రండి’ అని గోడలకు కాగితాలు అంటించారు. జాలర్లు నిలబడి ఆ కాగితాలు చదివి, ఎప్పటిలాగే వలలు భుజాన వేసుకుని సముద్రంలోకి వెళ్ళారు. బృందం పెద్ద తన నివేదికలో, ‘పరిస్థితి అదుపులో ఉన్నది. వార్డులో రోగి ఒక్కరు కూడా మిగిలి లేరు’ అని రాశాడు.

తర్వాత మంచినీళ్ళ ట్యాంకరు రావడం మానేసింది. బిందెలు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళిన ఆడవాళ్ళతో ఇంజినీరుగారు, తాగేవాళ్ళు లేని వార్డుకు నీళ్ళు పంపితే ఆడిటువాళ్ళు తన పీక పట్టుకుంటారని చెప్పారు. ఆయన చాలా మర్యాదగా చెప్పారు. బిందెలు కింద పెట్టుకోమని కూడా అన్నారు.

గురువారం పొద్దున్న ఎర్రమ్మ తలంటుకుని, ఉతికిన కోక కట్టుకుని, పోలినాయుడి వెంట ఆస్పత్రికి వెళ్ళింది. కౌంటరులో గుమాస్తా చీటీ చూసి, కంప్యూటరు చూసి, చీటీ వెనక్కి ఇచ్చేశాడు.

“ఏడో వార్డులో బతికున్నవాళ్ళు లేరమ్మా.”

“మరి నానెవుర్ని బాబూ?”

“అది ఇక్కడ చెప్పరు. మున్సిపాలిటీలో అడగాలి.”

పోలినాయుడు జన్మలో మొదటిసారి ఒక ప్రభుత్వ బల్ల మీద చేత్తో కొట్టాడు. “మనిషి ఎదురుగా నిలబడింది కదయ్యా! డాక్టరుగారే రమ్మన్నారు!”

గుమాస్తా నొచ్చుకోలేదు. “డాక్టరుగారు కళ్ళు చూస్తారండి. మనిషి ఉన్నదీ లేనిదీ చూడాల్సింది మేము. త్వరగా తేల్చుకోండి. ఆయన శనివారం దాకానే ఉంటారు. తర్వాత ట్రైనింగుకు వెళ్తే మళ్ళీ ఆర్నెల్లకు గాని ఈ ఊరు రారు.”

ఆర్నెల్లంటే మాటలు కాదు. ఎడమ కన్ను ముదిరిపోయింది, ఇంకా ఆలస్యమైతే ఆపరేషను చేసినా లాభముండదని డాక్టరు ముందే అన్నాడు. బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాక పోలినాయుడు తలెత్తలేకపోయాడు.

“అంతా నా వల్లే అప్పా. డబ్బా సెయ్యకపోతే ఈ పాటికి నువ్వు లోపల బల్ల మీద ఉండీదానివి.”

“సెయ్యకపోతే ఈ పాటికి గోతికాడ ఊదుతా ఉండీదాన్ని” అంది ఎర్రమ్మ. “కాళ్ళు నొప్పెట్టకముందే పద, ఆ ఆపీసేటో సూద్దాం. సచ్చిపోయినోలికి కూకోడానికి బల్లేత్తారో, నేదో.”

జనన మరణాల విభాగంలో హెడ్‌ గుమాస్తా సనపల జోగారావు. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఆయన బల్ల మీద రెండు పెద్ద పుస్తకాలు, మధ్యలో పొడుం డబ్బీ. పోలినాయుడు చెప్పిందంతా ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

“రాసినవన్నీ చేపలేనంటారు.”

“ప్రతి పేజీలో పేరు పెట్టి రాశానండి. చదవండి. ఒక్కటి అబద్ధం లేదు.”

“అదే వచ్చిన చిక్కు. అబద్ధమైతే కొట్టెయ్యొచ్చు.” జోగారావు పొడుం పట్టు పీల్చాడు. “పొరపాటున మరణం నమోదైతే తీసెయ్యడానికి పద్ధతి ఉంది. మృతుడు స్వయంగా వచ్చి, తాను మరణించలేదని దరఖాస్తు పెట్టుకోవాలి.”

“చేపలెలా వస్తాయండి? వచ్చినా సంతకం పెట్టలేవు.”

“సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యొచ్చు.”

“వేళ్ళు లేవండి.”

“అయితే కష్టం” అన్నాడు జోగారావు నిజంగానే బాధపడుతూ. తర్వాత గొంతు తగ్గించి, “మరణాలు తియ్యడం బ్రహ్మతరం కాదు. జననాలు చేర్చడం మాత్రం నా చేతిలో పని. ఈ పుస్తకంలో పడ్డది పోదు. ఆ పుస్తకంలో పడాల్సింది ఎవరైనా పట్టుకొస్తే జనాభా మళ్ళీ లేస్తుంది. పందొమ్మిది వందల పైన కావాలి. రేపు సాయంత్రంలోగా మీ వార్డులో అన్ని కాన్పులు అవుతాయా?” అన్నాడు.

పోలినాయుడు నిట్టూర్చి లేచాడు. ఎర్రమ్మ లేవలేదు.

“జన కావాలేటి బాబూ మీకు?”

“జననం.”

“అదే నాననేది. జనకేటి కరువు? ఇప్పుడు సేపలన్నీ పొట్టల్నిండా జనతోటే వత్తన్నాయి. ఒక్కో పొట్టలో ఎన్ని గుడ్లుంటాయో బెమ్మదేవుడికి కూడా తెలీదు.”

జోగారావు కళ్ళు తెరిచాడు. పొడుం డబ్బీ పక్కకు జరిపాడు. రెండో పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.

“ఎన్ని ఉంటాయి?”

పోలినాయుడు అడ్డుపడ్డాడు. “అవి ఇంకా పుట్టలేదండి! గుడ్లండి అవి! నేను ఎలా రాస్తాను?”

“మీ చేపలు మాత్రం మనుషులయ్యాయా? మేము అడిగామా?” అన్నాడు జోగారావు. “మీరు చూసింది రాస్తానన్నారు. చూసి రండి. లెక్క మాత్రం ఉజ్జాయింపు పనికిరాదు. ఇది రిజిస్టరు.”

ఆ మధ్యాహ్నమంతా పోలినాయుడు ఎర్రమ్మ గుడిసె అరుగు మీద కూర్చున్నాడు. ఒక పెద్ద కానాగంత పొట్ట చీరి, జన సంచులు రెండూ తామరాకు మీద తీసి, కంసాలి దగ్గర అడిగి తెచ్చిన త్రాసులో తూచాడు. అందులో గురిగింజ ఎత్తు తీసి, నీళ్ళ పళ్ళెంలో విదిలించి, సూదిమొనతో ఒక్కో గుడ్డూ జరుపుతూ లెక్కపెట్టాడు. మొత్తానికి హెచ్చవేశాడు. తొంభై నాలుగు వేల మూడు వందల పన్నెండు. ఎందుకైనా మంచిదని మరోసారి లెక్కపెట్టాడు. అంతే వచ్చింది.

“రాయడానికి మనసొప్పట్లేదప్పా” అన్నాడు.

ఎర్రమ్మ ఆయన వైపు తిరిగింది. ఆయన ముఖం ఆమెకు మసక చుక్కలా కనిపిస్తోంది. “తమ్ముడూ, రోయిణికి బాబా, పాపా?”

“బాబు. నీకు తెల్దేటి?”

“ఇంటికాడికి ఎత్తుకొచ్చినావు, సూపించినావు. ముద్దెట్టుకున్నాను గాని ముకం ఎలగుంటాదో నాను సూడనేదు.”

పోలినాయుడు కలం మూత తీశాడు.

శుక్రవారం జోగారావు ఆ కాగితం అందుకుని గట్టిగా చదువుతూ ఎక్కించాడు. “తల్లి పేరు కానాగంత. కాన్పు ఒకటే. సంతానం తొంభై నాలుగు వేల మూడు వందల పన్నెండు. తల్లి క్షేమమేనా?”

“పోయిందండి.”

“అయ్యో. ఆ మరణం నమోదు చేశారా?”

“పొద్దున్నే చేశానండి. శ్మశానం నంబరు నాలుగు.”

“చక్కగా ఉంది. మీలాంటివాళ్ళు ఊరికి పదిమంది ఉంటే మాకు పనే ఉండదు” అని ముద్ర గుద్దాడు.

శనివారం ఉదయం ఆస్పత్రి కౌంటరులో గుమాస్తా కంప్యూటరు చూసి, “ఓ, ఏడో వార్డా? మీ వార్డువాళ్ళు తొంభై వేలు దాటిపోయారే! లైన్లో నిలబడండమ్మా, జనం ఎక్కువున్నారు” అన్నాడు. లైన్లో ఎర్రమ్మ ఒక్కతే ఉంది. పదకొండు గంటలకు ఎడమకంటి ఆపరేషను అయింది.

ఇక్కడితో ఆగివుంటే బాగుండేది. కాని ఆఫీసులో పడ్డ అంకె ఊరికే కూర్చోదు. ఒక్క రాత్రిలో తొంభై వేల జనాభా పెరిగిన భీమరేవు మున్సిపాలిటీకి పైతరగతి హోదా ఇచ్చారు. ఏడో వార్డుకు ఒక్కటి కాక పదకొండు నీళ్ళ ట్యాంకర్లు రావడం మొదలైంది. వాటికి దారి చాలక మొదటిది ఇసుకలో కూరుకుపోయి వెనకవాటన్నిటినీ ఆపేసింది. అన్నిటికన్నా పెద్ద సంగతి పొగది. ఊరి పొగను ఊరి జనాభాతో భాగిస్తే తలకు వచ్చే పొగ రాష్ట్రం మొత్తం మీద భీమరేవులోనే తక్కువని తేలింది. షీల్డు వచ్చింది. లక్ష్మీకాంతంగారికి ప్రమోషను వచ్చింది. సన్మాన సభలో ఆయన మాట్లాడుతూ, ధూమ నియంత్రణలో కుటుంబ సంక్షేమం పాత్రను ఇంతవరకు ఎవరూ గుర్తించలేదని అన్నారు. సభ చివర బాణసంచా కాల్చారు.

పోలినాయుడు ఆ సభకు వెళ్ళలేదు. ఆ రోజే ఎర్రమ్మ కంటికి కట్టు విప్పారు. ఆస్పత్రి నుంచి ఆమె తిన్నగా ఆయన ఇంటికి వచ్చి, రోహిణి ఒళ్ళోంచి పిల్లవాణ్ణి అందుకుని, వెలుతురులోకి తీసుకెళ్ళి, చాలాసేపు చూసింది. “ముక్కు తాతదే, పాపం” అని తిరిగి ఇచ్చేసింది.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం ఉదయం ఎర్రమ్మ పొగడబ్బాలో కవళ్ళు పెట్టి పడవ నీడన కూర్చుని ఉంది. పోలినాయుడు రిజిస్టరు రాస్తున్నాడు. అప్పుడు పేట మొగలో మూడు ఆటోలు వచ్చి ఆగాయి. వాటి నిండా మంచుపెట్టెలున్నాయి. వాటి వెనకనుంచి తెల్లకోటు వేసుకున్న నర్సమ్మాయి ఒకతె ఇసుకలో చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో, ఉద్యోగంలో కొత్తగా చేరినట్టుంది. చేతిలో కాగితం పట్టుకుని అటూ ఇటూ చూసింది.

“పెద్దమ్మా, ఏడో వార్డు ఇదేనా?”

“ఇదేనమ్మా. కూకో. ముకం ఎండకి వాడిపోనాది” అంది ఎర్రమ్మ. ముఖాలు చూసి ఎవరెలా ఉన్నారో చెప్పడం ఆమెకు ఈ మధ్య కొత్తగా వచ్చిన సరదా.

అమ్మాయి కూర్చోలేదు. “పోలియో చుక్కలు వెయ్యాలి. ఈ వార్డులో కొత్తగా తొంభై నాలుగు వేల మూడు వందల పన్నెండు మంది పిల్లలు పుట్టారని లిస్టు వచ్చింది. ఇందాకట్నుంచీ ఇల్లిల్లూ తిరిగితే ఆరుగురు కనపడ్డారు. మిగతా పిల్లలేరి?”

పోలినాయుడు కలం ఆపి తలొంచుకున్నాడు. ఎర్రమ్మ మాత్రం ఏమాత్రం తొట్రుపడలేదు.

“ఆ జనా? ఏపుడు సేసీసినామమ్మా. ఇంత కారం, రెండు సిన్నుల్లిపాయలూ ఏసి. మా తమ్ముడికి కూడా ఎట్టినాను.”

నర్సమ్మాయి ఉన్నచోటే ఇసుకలో కూలబడింది. పోలినాయుడు గబగబా నీళ్ళు తెచ్చి తాగించి, కథంతా మొదట్నుంచి చెప్పాడు. అమ్మాయి విన్నది. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో ఆటోల వైపు చూసింది.

“అదంతా నిజమేనండి. కాని చుక్కలు వేశానని సాయంత్రానికి రిపోర్టు ఇవ్వాలి. ‘పిల్లల్ని చూసే ప్రయత్నం చేశాను’ అనైనా రాయాలి. నేను ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను.”

ఎర్రమ్మకు ఆ పిల్ల మీద జాలేసింది. సముద్రం వైపు చెయ్యి చూపించింది.

“తోడబుట్టినోలంతా అక్కడే ఉంటారమ్మా. ఓ కేకేసి సూడు.”

నర్సమ్మాయి కాసేపు ఆలోచించింది. తర్వాత లేచి, కోటుకు అంటిన ఇసుక దులుపుకుని, ఒక చేత్తో చెప్పులూ ఒక చేత్తో చుక్కల సీసా పట్టుకుని, మెల్లగా నీళ్ళ అంచు దాకా నడిచి వెళ్ళింది.